ప్రాచీన రోమన్లు: రోమ్ ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, మనదాకా ఏం వచ్చింది – తరచుగా అడిగే ప్రశ్నలు

రోమ్ మాట ఎత్తితే చాలు, అవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. సీజర్ చక్రవర్తేనా, గ్రీకులూ వీళ్ళూ ఒకటేనా, నల్గొండలో రోమన్ నాణేలు దొరికాయంట నిజమేనా, ఇలాంటివి. కొన్ని సినిమాలు చూసి వచ్చినవి, కొన్ని గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదువుతుంటే వచ్చినవి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను, ఏ ప్రశ్న కావాలంటే దానికి నేరుగా వెళ్ళిపోండి, ముందువి చదవకపోయినా అర్థమవుతుంది. యుద్ధాలు బాగా చేశారన్నది అందరికీ తెలిసిందే, నాకు మాత్రం ఓడిపోయినవాళ్ళనే తర్వాత తమవాళ్ళుగా కలుపుకున్న పద్ధతి చాలా పెద్ద విషయం అనిపిస్తుంది, కాబట్టి దాని మీద కొంచెం ఎక్కువే రాశాను.

## పుట్టుక, మొదటి రోజులు

రోములస్, రీమస్ తోడేలు పాలు తాగి పెరిగారంటారు, ఆ కథ నిజమా?

కథే. కవల పిల్లల్ని టైబర్ నదిలో వదిలేస్తే ఆడ తోడేలు పాలిచ్చిందని, పెద్దయ్యాక ఊరు కట్టేటప్పుడు గొడవపడి రోములస్ తమ్ముణ్ణి చంపేశాడని రోమన్లే చెప్పుకునేవాళ్ళు. క్రీ.పూ. 753 ఏప్రిల్ 21 అనే తేదీ కూడా ఎన్నో వందల ఏళ్ళ తర్వాత, క్రీ.పూ. 1వ శతాబ్దంలో వర్రో లాంటి పండితులు లెక్కలు కట్టి తేల్చింది. అయితే పాలటైన్ కొండ మీద తవ్వితే క్రీ.పూ. 8వ శతాబ్దం నాటి గుడిసెల స్తంభాల గుంటలు నిజంగానే బయటపడ్డాయి, అంటే ఆ కాలానికి అక్కడ ఊరు ఉన్న మాట వాస్తవం.

ఈ కథలో నాకు చాలా ఇష్టమైన ముక్క ఒకటుంది. జనం సరిపోక రోములస్ కాపిటోలైన్ కొండ మీద ఒక శరణాలయం తెరిచి, పారిపోయిన బానిసలు, అప్పులవాళ్ళు, ఊళ్ళోంచి వెళ్ళగొట్టినవాళ్ళు ఎవరొచ్చినా తీసుకున్నాడట. ఎవరైనా తమ వంశం స్వచ్ఛమైందనే చెప్పుకుంటారు కదా, వీళ్ళేమో మా పూర్వీకులు నలుమూలల నుంచి వచ్చి చేరినవాళ్ళే అని ధైర్యంగా రాసుకున్నారు.

అసలు రోమన్లు ఏ జాతివాళ్ళు?

మొదట్లో ఉన్నది లాటిన్లు, లాటియం అనే ప్రాంతంలో చిన్న చిన్న ఊళ్ళలో బతికే రైతులు, పశువులు కాచేవాళ్ళు. పక్క కొండల్లోని సబైన్లు తొందరగానే కలిసిపోయారు. ఉత్తరాన ఈట్రస్కన్లు ఉండేవాళ్ళు, వాళ్ళ భాషకి లాటిన్‌తో చుట్టరికమే లేదు, కానీ రోమ్ చివరి రాజుల్లో టార్క్విన్ వంశం ఈట్రస్కన్లదే. అక్షరాలు గ్రీకుల దగ్గర్నుంచి ఈట్రస్కన్ల మీదుగా వచ్చాయి. తర్వాత్తర్వాత రోమన్ అంటే జాతి కాదు, పౌరసత్వం. సిరియాలో పుట్టినవాడూ రోమన్ కావచ్చు, స్పెయిన్‌లో పుట్టినవాడూ కావచ్చు.

గ్రీకులూ రోమన్లూ ఒకటే కాదా? దేవుళ్ళు కూడా ఒకటే కదా?

వేరే వేరే. భాషలు వేరు, రాజ్యాలు వేరు. కన్ఫ్యూజన్ ఎందుకంటే దక్షిణ ఇటలీలో గ్రీకు పట్టణాలు ముందునుంచీ ఉన్నాయి, నేపుల్స్ కూడా అలా పుట్టిన ఊరే, అందుకే మొదటి నుంచీ రాకపోకలు ఉన్నాయి. జ్యూపిటర్‌ని జ్యూస్‌తో, వీనస్‌ని ఆఫ్రొడైటీతో జతచేసి గ్రీకు కథలన్నీ తమ దేవుళ్ళకి కట్టారు. క్రీ.పూ. 146లో గ్రీసుని పూర్తిగా లొంగదీసుకున్నాక కూడా చదువు విషయంలో గ్రీకులే గురువులు. పట్టుబడ్డ గ్రీసే తనని పట్టుకున్నవాణ్ణి గెలిచిందని హొరేస్ అనే రోమన్ కవే రాశాడు. మార్కస్ అరేలియస్ చక్రవర్తి తన సొంత ఆలోచనలు రాసుకున్నది కూడా గ్రీకులోనే.

ఇటలీలో ఎన్నో ఊళ్ళుండగా రోమే ఎందుకు పెరిగింది?

చోటు కలిసొచ్చింది. టైబర్ మధ్యలో ఒక చిన్న ద్వీపం ఉంది, దాని దగ్గర నది దాటడం తేలిక, కాబట్టి ఉత్తరం దక్షిణం తిరిగేవాళ్ళంతా అక్కడికే రావాలి. సముద్రం పాతిక కిలోమీటర్ల దూరం, పడవలొచ్చేంత దగ్గర, సముద్రపు దొంగలు రాత్రికి రాత్రి దిగలేనంత దూరం. సముద్రం దగ్గర తయారైన ఉప్పు లోపలి ఊళ్ళకి ఈ దారినే పోయేది, ఆ దారికి వయా సలారియా అంటే ఉప్పు బాట అని పేరు. కొండల మధ్య పల్లం బురద నేల అయితే పెద్ద కాలువ తవ్వి నీళ్ళు తోడేశారు, అక్కడే ఫోరమ్, అంటే ఊరి నడిబొడ్డున జనం కూడే చోటు, వెలిసింది. ఆ కాలువ పేరు క్లొయాకా మాక్సిమా, దాని భాగాలు ఇప్పటికీ ఉన్నాయి.

రాజులు పోయి రిపబ్లిక్ ఎలా వచ్చింది? అది మన ప్రజాస్వామ్యం లాంటిదేనా?

చివరి రాజు టార్క్విన్‌ని క్రీ.పూ. 509లో తరిమేశారని రోమన్ల లెక్క. ఆ తర్వాత ఏడాదికి ఇద్దరు కాన్సుల్స్‌ని ఎన్నుకునేవాళ్ళు, ఒకడు చెడు పని చేయబోతే రెండోవాడు ఆపొచ్చు. పెద్ద ఆపద వస్తే డిక్టేటర్‌ని పెట్టుకునేవాళ్ళు, గరిష్ఠంగా 6 నెలలు మాత్రమే. సెనేట్ అంటే పెద్ద కుటుంబాల మగవాళ్ళ సభ, పేరుకి సలహా ఇచ్చేదే అయినా అసలు పెత్తనం దానిదే.

మన ప్రజాస్వామ్యంతో పోల్చలేం. కాన్సుల్స్‌ని ఎన్నుకునే సభలో జనాన్ని ఆస్తిని బట్టి గుంపులు చేసేవాళ్ళు, డబ్బున్నవాళ్ళ గుంపులు ముందు ఓటేసేవి, మెజారిటీ వచ్చేస్తే పేదవాళ్ళ వంతు రాకుండానే ఎన్నిక అయిపోయేది. ఆడవాళ్ళకీ బానిసలకీ ఓటే లేదు. కానీ సామాన్యులు ఊరుకోలేదు. క్రీ.పూ. 494లో ప్లెబియన్లు మూకుమ్మడిగా ఊరు వదిలి కొండెక్కి కూర్చున్నారని, మేం లేకుండా యుద్ధం ఎలా చేస్తారో చేయండి అన్నారని చెప్తారు. అలా వచ్చిందే ట్రిబ్యూన్ పదవి, సామాన్యుడికి అన్యాయం జరుగుతుంటే వీటో చెప్పి ఆపే అధికారం దానికుంది. క్రీ.పూ. 450 ప్రాంతంలో చట్టాలన్నీ 12 పలకల మీద రాసి ఫోరమ్‌లో పెట్టించుకున్నారు, పెద్దలు నోటికొచ్చినట్టు తీర్పు చెప్పకుండా.

## చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సముద్రాల అవతలికి

అంత చిన్న ఊరు ఇటలీ మొత్తాన్ని ఎలా పట్టేసింది?

ఒక్క దెబ్బలో కాదు, రెండు వందల ఏళ్ళకి పైగా పట్టింది, మధ్యలో క్రీ.పూ. 390 ప్రాంతంలో గాల్ జాతివాళ్ళు వచ్చి రోమ్‌నే దోచుకెళ్ళారు కూడా.

కిటుకు యుద్ధం అయ్యాక చేసే ఒప్పందంలో ఉంది. క్రీ.పూ. 338లో లాటిన్ ఊళ్ళ తిరుగుబాటు అణిచాక అందరికీ ఒకే శిక్ష వేయకుండా ఒక్కో ఊరితో ఒక్కో రకంగా తేల్చుకున్నారు. కొన్నిటికి పూర్తి పౌరసత్వం, కొన్నిటికి ఓటు లేని పౌరసత్వం, మిగతావి మిత్రులు. ఆ మిత్రుల నుంచి కప్పం అడగలేదు, సైనికుల్ని అడిగారు. యుద్ధం గెలిస్తే దోపిడీలోనూ కొత్త భూముల్లోనూ వాటా ఉండేది, అందుకే నిన్న ఓడినవాడు రేపటి యుద్ధానికి రోమ్ పక్షాన వచ్చేవాడు. దీనికి తోడు ముఖ్యమైన చోట్ల తమవాళ్ళని తీసుకెళ్ళి కొత్త ఊళ్ళు కట్టించడం, వాటికి రోడ్లు వేయడం. క్రీ.పూ. 312లో మొదలుపెట్టిన వయా అప్పియా ముందు కాపువా దాకా, తర్వాత బ్రిండిసి రేవు దాకా వెళ్ళింది.

హానిబాల్ ఏనుగులతో వచ్చి అన్ని యుద్ధాలు గెలిచాడు కదా, మరి చివరికి ఎందుకు ఓడిపోయాడు?

చాలామంది అడిగేది ఇదే. క్రీ.పూ. 218లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరం సేనాని హానిబాల్ స్పెయిన్ నుంచి బయల్దేరి, ఆల్ప్స్ దాటి ఇటలీలో దిగాడు. ట్రెబియా దగ్గర గెలిచాడు, ట్రాసిమీన్ సరస్సు దగ్గర గెలిచాడు, 216 ఆగస్టులో కాన్నే దగ్గరైతే రోమన్ సైన్యాన్ని రెండు పక్కల నుంచీ చుట్టేసి ఒక్క రోజులో దాదాపు 50,000 మందిని చంపేశాడని రోమన్ చరిత్రకారుడు లివీ లెక్క, గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ అయితే ఇంకా ఎక్కువే చెప్తాడు. అప్పట్లో వేరే ఏ రాజ్యమైనా మర్నాడే సంధికి మనిషిని పంపేది.

హానిబాల్ నమ్ముకున్నది ఒకటే, రోమ్ నాలుగు దెబ్బలు తింటే మిత్రులంతా జారుకుంటారని. దక్షిణాన కొందరు జారుకున్నారు, కాపువా లాంటి పెద్ద ఊరు కూడా వెళ్ళిపోయింది. కానీ లాటిన్ ఊళ్ళు, మధ్య ఇటలీ కదల్లేదు. పాలిబియస్ ఇచ్చిన లెక్క ప్రకారం రోమ్, మిత్రులూ కలిపి ఆయుధం పట్టగలిగినవాళ్ళు 7 లక్షలకి పైనే, కాబట్టి ఒక సైన్యం పోతే ఇంకోటి, అదీ పోతే మరోటి. ఈలోగా ఫేబియస్ అనే సేనాని ఎదురు పడకుండా వెంటబడి తిండి దొరక్కుండా చేశాడు, సిపియో అనే ఇంకో రోమన్ సేనాని స్పెయిన్ లాక్కుని నేరుగా ఆఫ్రికాలో దిగాడు. సొంత ఊరిని కాపాడుకోడానికి హానిబాల్ వెనక్కి పరిగెత్తాల్సి వచ్చింది, క్రీ.పూ. 202లో జామా దగ్గర ఓడిపోయాడు. ఆయన ఎంత గొప్ప సేనాని అయినా, ఆయన ఢీకొన్నది ఒక సైన్యాన్ని కాదు, వంద ఏళ్ళుగా అల్లుకున్న ఒప్పందాల వలని.

కార్తేజ్‌ని నాశనం చేసి పొలాల్లో ఉప్పు చల్లారంట కదా?

నాశనం చేసింది నిజం, ఉప్పు మాత్రం అబద్ధం, ప్రాచీన రచయితలెవరూ ఆ మాట రాయలేదు. క్రీ.పూ. 146లో ఊరు తగలబెట్టి, బతికిన దాదాపు 50,000 మందిని బానిసలుగా అమ్మేశారు. తర్వాత సీజర్, అగస్టస్ కాలంలో అక్కడే కొత్త ఊరు కట్టారు, అది ఆఫ్రికాలో పెద్ద రోమన్ నగరం అయింది.

జూలియస్ సీజర్ మొదటి రోమన్ చక్రవర్తా?

కాదు. సీజర్ గాల్‌ని, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని గెలిచాడు, క్రీ.పూ. 49లో రూబికాన్ అనే చిన్న నది దాటి సొంత రోమ్ మీదకే సైన్యంతో వచ్చాడు, జీవితాంతం డిక్టేటర్‌గా ఉంటానని ప్రకటించుకున్నాడు. 44 మార్చి 15న సెనేటర్లే పొడిచి చంపారు, ఒంటి మీద 23 పోట్లు. రిపబ్లిక్‌ని కాపాడుతున్నామని వాళ్ళనుకున్నారు, జరిగింది ఇంకో అంతర్యుద్ధం.

మొదటి చక్రవర్తి ఆయన దత్తపుత్రుడు ఆక్టేవియన్. క్రీ.పూ. 31లో ఆక్టియం దగ్గర సీజర్ సేనాని ఆంటొనీని, ఈజిప్టు రాణి క్లియోపాత్రాని ఓడించి, మరుసటి ఏడాది ఈజిప్టు కలుపుకుని, 27లో అగస్టస్ అనే బిరుదు తీసుకున్నాడు. రాజు అనే మాట దగ్గరికి రానివ్వలేదు, నేను మొదటి పౌరుణ్ణి అంతే అనేవాడు, సెనేట్, కాన్సుల్స్ అన్నీ పైకి అలాగే ఉంచి సైన్యం, ఖజానా తన చేతిలో పెట్టుకున్నాడు.

రోమన్ సైన్యంలో అంత స్పెషల్ ఏంటి?

క్రమశిక్షణ, ఇంజినీరింగ్. ఒక లీజియన్ అంటే సుమారు 5,000 మంది, అందులో 80 మందికి ఒక సెంచూరియన్, 8 మందికి ఒక గుడారం. నడిచిన ప్రతి రోజూ సాయంత్రం కందకం తవ్వి, గట్టు పోసి, ఒకే ప్లానుతో క్యాంపు కట్టుకునేవాళ్ళు. సీజర్ సైనికులు రైన్ నది మీద 10 రోజుల్లో వంతెన కట్టారు. పౌరులు కానివాళ్ళు సహాయక దళాల్లో 25 ఏళ్ళు చేస్తే పౌరసత్వం వచ్చేది, దానికి రుజువుగా ఇచ్చిన కంచు రేకులు వందల్లో దొరికాయి. ఓడిపోలేదా అంటే ఓడిపోయారు. క్రీ.శ. 9లో జర్మనీ అడవుల్లో 3 లీజియన్లు మొత్తం తుడిచిపెట్టుకుపోయాయి, వాళ్ళని ఉచ్చులోకి లాగిన ఆర్మినియస్ రోమన్ పౌరసత్వం ఉన్నవాడే.

సామ్రాజ్యం అన్నిటికంటే పెద్దగా ఉన్నది ఎప్పుడు?

క్రీ.శ. 117లో, ట్రాజన్ చక్రవర్తి చనిపోయే నాటికి. బ్రిటన్ నుంచి ఇప్పటి ఇరాక్ దాకా. జనం 5, 6 కోట్లు, ఇంకా ఎక్కువని కూడా అంచనాలున్నాయి. తర్వాత వచ్చిన హాడ్రియన్ ఇరాక్ వైపు గెలిచినవి వదిలేసి సరిహద్దు గట్టి చేసుకున్నాడు, బ్రిటన్‌లో 122లో మొదలైన గోడ దాదాపు 117 కిలోమీటర్లు.

బయటివాళ్ళకి పౌరసత్వం ఇచ్చేవాళ్ళంటారు, నిజంగా ఇచ్చేవాళ్ళా, ఊరికే పేరుకా?

నిజంగానే, కానీ ఉదారంగా పంచిపెట్టలేదు, చాలాసార్లు పోరాడితేనే వచ్చింది. ఇటలీ మిత్రులు తరాల తరబడి రక్తం ధారపోసి, మాకూ సమాన హక్కు ఇమ్మంటే సెనేట్ సాగదీసింది, దాంతో క్రీ.పూ. 91లో వాళ్ళంతా తిరగబడ్డారు. యుద్ధంలో రోమ్‌ది పైచేయే అయినా వాళ్ళడిగింది మాత్రం ఇచ్చేసింది.

క్రీ.శ. 48లో గాల్ పెద్దలు సెనేట్‌లో చోటు అడిగినప్పుడు పాత సెనేటర్లు గోల చేశారు, వీళ్ళ తాతలు మనతో యుద్ధం చేసినవాళ్ళు అని. అప్పుడు క్లాడియస్ చక్రవర్తి లేచి, మన మొదటి రాజుల్లోనే బయటివాళ్ళు ఉన్నారు కదా అని వాదించి ఒప్పించాడు. ఆ ప్రసంగం చెక్కిన కంచు పలక ఫ్రాన్స్‌లో లియోన్ దగ్గర దొరికింది. దీని ఫలితం చూడండి, ట్రాజన్ స్పెయిన్‌లోని ఇటాలికాలో పుట్టాడు, సెప్టిమియస్ సెవెరస్ ఇప్పటి లిబియాలోని లెప్టిస్ మాగ్నాలో. చివరికి 212లో కారకల్లా సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ దాదాపుగా పౌరసత్వం ఇచ్చేశాడు. పన్ను ఎక్కువ వస్తుందనే ఇచ్చాడని ఆ కాలపు చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు, అయినా సరే, అంత పెద్ద భూభాగంలో అంతమందికి ఒకే హోదా ఇవ్వడం అప్పటిదాకా ఎవరూ చేయని పని.

బానిసలు లేకుండా రోమ్ నడిచేదా?

నడిచేది కాదు, రోమ్ గొప్పతనం చెప్పేటప్పుడు ఇది దాచకూడదు. గనుల్లో, పెద్ద పెద్ద పొలాల్లో, వంటింట్లో, పిల్లలకి చదువు చెప్పడంలో, అన్నిట్లో బానిసలే. క్రీ.పూ. 167లో ఎపిరస్ అనే ఒక్క ప్రాంతం నుంచే లక్షన్నర మందిని పట్టి అమ్మారు. క్రీ.పూ. 73లో స్పార్టకస్ లేచాడు, రెండేళ్ళు రోమ్‌ని వణికించాడు, ఓడిపోయాక పట్టుబడిన 6,000 మందిని వయా అప్పియా పొడవునా శిలువ వేశారు. ఇంకోపక్క యజమాని పద్ధతి ప్రకారం విడుదల చేస్తే బానిస రోమన్ పౌరుడైపోయేవాడు, కొన్ని పరిమితులతో, అతని పిల్లలకి ఆ పరిమితులూ ఉండేవి కావు. అది మంచి విషయమే, కానీ గనిలో చచ్చిపోయినవాడికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

## రోజువారీ బతుకు

రోమన్లు ఏం తినేవాళ్ళు? పిజ్జా, పాస్తా ఉండేవా?

టమాటా, మిరపకాయ, బంగాళాదుంప, మొక్కజొన్న ఏవీ లేవు, అవన్నీ కొలంబస్ తర్వాత అమెరికా నుంచి వచ్చినవి. గోధుమ రొట్టె, గంజి, పప్పులు, ఆలివ్ నూనె, జున్ను, నీళ్ళు కలిపిన వైన్, ఇంకా గరుమ్ అని చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసిన పులుసు లాంటిది, దాన్ని అన్నిట్లోనూ వేసేవాళ్ళు. డబ్బున్నవాళ్ళ వంటల్లో మిరియాలు లేకుండా పని జరిగేది కాదు, అపీసియస్ పేరు మీద ఉన్న వంటల పుస్తకంలో ఎక్కువ వంటలకి మిరియాలు కావాలి, అవి వచ్చేది కేరళ తీరం నుంచి. రోమ్ నగరంలో అగస్టస్ కాలంలో సుమారు 2 లక్షల మందికి ప్రభుత్వమే ఉచితంగా గోధుమలు ఇచ్చేది, మన రేషన్ లాగా.

గ్లాడియేటర్ ఓడిపోతే కచ్చితంగా చంపేసేవాళ్ళా?

ప్రతిసారీ కాదు. ఒక గ్లాడియేటర్‌ని తయారు చేయడానికి చాలా ఖర్చు, అందుకని బాగా పోరాడి ఓడినవాణ్ణి వదిలేసేవాళ్ళు, ఓడిపోయి కూడా మళ్ళీ బరిలో దిగినవాళ్ళ సమాధి రాతలు ఉన్నాయి. బొటనవేలు కిందికి చూపితే చావు అనేది 1872లో జెరోమ్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు వేసిన పెయింటింగ్‌తో జనంలో పాతుకుపోయింది, పాత రాతల్లో బొటనవేలు తిప్పేవాళ్ళని మాత్రమే ఉంది. కొలోసియం తెరిచింది క్రీ.శ. 80లో.

రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేల్ వాయించాడా?

ఫిడేల్ అప్పటికి పుట్టనే లేదు. క్రీ.శ. 64 అగ్నిప్రమాదం మొదలైనప్పుడు నీరో చక్రవర్తి ఊళ్ళో లేడని, ఆంటియం అనే ఊరి నుంచి వచ్చి ఇళ్ళు పోయినవాళ్ళకి తన తోటలు తెరిచాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. పాట పాడాడని అప్పుడే పుకారు మాత్రం ఉంది. ఆ తర్వాత నింద క్రైస్తవుల మీదకి నెట్టి ఘోరంగా చంపించాడు, అది నిజం.

ఆడవాళ్ళ పరిస్థితి ఎలా ఉండేది?

ఓటు, పదవి లేవు, ఇంటి పెద్ద చెప్పిందే చట్టం. పేరు కూడా వంశం పేరే, జూలియస్ వంశంలో పుట్టిన ప్రతి కూతురూ జూలియానే. కానీ ఆస్తి సొంతంగా ఉండొచ్చు, విడాకులు తీసుకోవచ్చు, వ్యాపారం చేయొచ్చు. పాంపేలో యూమాకియా అనే ఆవిడ తన డబ్బుతో ఫోరమ్ పక్కనే పెద్ద భవనం కట్టించింది.

రెండు వేల ఏళ్ళ కిందటి సంగతులు ఇంత వివరంగా ఎలా తెలుసు?

లివీ, టాసిటస్ లాంటివాళ్ళ పుస్తకాలు ఒకవైపు, కానీ వాళ్ళంతా పెద్దింటి మగవాళ్ళు, వాళ్ళ గొడవలే రాస్తారు. సామాన్యుల సంగతి రాళ్ళ మీద రాతలు, ఈజిప్టు ఎడారిలో దొరికిన పపైరస్‌లు, క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద కప్పబడిపోయిన పాంపే గోడల రాతలు చెప్తాయి. బ్రిటన్‌లో విండొలాండా అనే కోట దగ్గర పల్చటి చెక్క ముక్కల మీద సిరాతో రాసిన ఉత్తరాలు వందల్లో దొరికాయి. క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే ఆవిడ తన పుట్టినరోజుకి తప్పకుండా రమ్మని స్నేహితురాలికి రాసిన పిలుపు కూడా అందులో ఉంది, చివర్లో ఒకట్రెండు వాక్యాలు ఆవిడ స్వయంగా రాసింది.

## ఇండియాతో, మన తెలుగు నేలతో

ఆంధ్రాలో, తెలంగాణలో రోమన్ నాణేలు దొరికాయంట, ఎక్కడ? ఎందుకు?

దొరికాయి. నల్గొండ వైపు అక్కనపల్లిలో వెయ్యికి పైగా వెండి నాణేల నిధి, అగస్టస్, టైబీరియస్ బొమ్మలవి. వినుకొండలో బంగారు నాణేలు, నాగార్జునకొండలో కూడా బంగారువి. కొండాపూర్ లాంటి శాతవాహన పట్టణాల్లో రోమన్ నాణెం బొమ్మని మట్టిలో అచ్చుపోసి చేసుకున్న బిళ్ళలు దొరికాయి, మెళ్ళో వేసుకోడానికి కాబోలు, అంటే ఆ బొమ్మకి మనవాళ్ళలో అంత మోజు ఉండేది.

కారణం వ్యాపారం. ఈజిప్టు ఎర్ర సముద్రం రేవుల నుంచి ఋతుపవనాల గాలి పట్టుకుని ఓడలు ఇండియాకి వచ్చేవి, అగస్టస్ కాలంలో ఒక్క మయోస్ హోర్మోస్ రేవు నుంచే ఏడాదికి 120 ఓడలు బయల్దేరేవని స్ట్రాబో అనే గ్రీకు భూగోళ రచయిత రాశాడు. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ అనే సముద్రయాన వివరాల్లో మసాలియా అనే ప్రాంతం ఉంది, అది మన కృష్ణా తీరం, అక్కడ సన్నటి నూలు బట్టలు విరివిగా తయారవుతాయని రాశాడు. భూగోళ శాస్త్రం రాసిన టాలెమీ చెప్పిన కొంటకొస్సిల రేవుని ఘంటసాలగా గుర్తిస్తారు. మనవాళ్ళు ఇచ్చింది బట్టలు, మిరియాలు, ముత్యాలు, రత్నాలు. వాళ్ళ దగ్గర మనకి కావాల్సిన సరుకు తక్కువ, అందుకే బంగారం, వెండి వచ్చి పడింది. ఇండియా ఏటా 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) లాగేస్తోందని ప్లినీ అనే రోమన్ రచయిత వాపోయాడు, ఒక మామూలు లీజియన్ సైనికుడి ఏడాది జీతం అప్పట్లో 900 సెస్టర్సులు, లెక్కేస్తే అది 55 వేల మంది సైనికుల జీతం. అలాగని రోమ్ నష్టపోయిందనుకోకండి, తూర్పు సరుకు మీద ప్రభుత్వం నాలుగో వంతు సుంకం గుంజేది.

మరి రోమన్లు ఇండియా మీదకి దండెత్తి రాలేదా?

రాలేదు, మధ్యలో ఇప్పటి ఇరాన్ వైపు పార్థియా అనే బలమైన రాజ్యం అడ్డం. క్రీ.శ. 116లో ట్రాజన్ పర్షియన్ గల్ఫ్ దాకా వచ్చి, ఇండియాకి వెళ్తున్న ఓడని చూసి, వయసులో ఉంటే నేనూ వెళ్ళేవాణ్ణి అన్నాడట. వ్యాపారులు, నావికులు, జ్యోతిషం తెలిసినవాళ్ళు మాత్రం వచ్చిపోయారు. వరాహమిహిరుడు సంగ్రహంగా రాసిన ఐదు సిద్ధాంతాల్లో ఒకదాని పేరు రోమక సిద్ధాంతం.

## కూలిపోవడం

రోమ్ పడిపోయింది 476లోనా, 1453లోనా? పుస్తకానికో రకంగా ఉంది.

రెండూ రైటే. 395 నుంచి సామ్రాజ్యాన్ని తూర్పు, పడమర అని ఇద్దరు చక్రవర్తులు పాలించారు. పడమర భాగంలో చివరి చక్రవర్తి రోములస్ ఆగస్టులస్ అనే కుర్రవాడు, 476లో ఒడొయాకర్ అనే జర్మన్ జాతి సేనాని అతన్ని దింపేశాడు. తూర్పు భాగం కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఇంకో వెయ్యేళ్ళు నడిచింది, 1453లో ఒట్టోమన్ సుల్తాన్ రెండో మెహమెద్ పట్టుకునేదాకా. మనం బైజాంటైన్ అని పిలిచే ఆ జనం తమని తాము రోమన్లమనే చెప్పుకున్నారు.

అసలు ఎందుకు కూలింది? సీసం పైపుల వల్లనా?

సీసం వల్ల ఒంటికి హాని ఉండే ఉంటుంది, కానీ అవే పైపులున్న తూర్పు భాగం వెయ్యేళ్ళు బతికింది కదా. క్రైస్తవం వల్ల మెత్తబడ్డారనే వాదన కూడా అక్కడే ఆగిపోతుంది, తూర్పే ఎక్కువ క్రైస్తవం. 235 నుంచి 50 ఏళ్ళు చక్రవర్తులు ఒకరినొకరు చంపుకున్నారు, వెండి నాణెంలో వెండి దాదాపు మాయమైంది, తిరిగి లేవడానికి పన్నులు పెంచాల్సి వచ్చింది. 376లో హూణుల దెబ్బకి పారిపోయి గోత్‌లు అనే జర్మన్ జాతివాళ్ళు శరణు అడిగితే తీసుకున్నారు, కానీ రోమన్ అధికారులు వాళ్ళ ఆకలిని సొమ్ము చేసుకున్నారు, తిండి కోసం పిల్లల్ని బానిసలుగా అమ్ముకునేదాకా తెచ్చారు. వాళ్ళు తిరగబడ్డారు, 378లో అడ్రియానోపుల్ దగ్గర చక్రవర్తి వాలెన్స్‌నే చంపారు. 439లో ఆఫ్రికాలోని కార్తేజ్ వాండల్స్ అనే జాతి చేతికి పోయాక గోధుమలూ పన్నులూ ఆగిపోయాయి, డబ్బు లేక సైన్యం లేదు, సైన్యం లేక ఉన్న నేల కూడా జారిపోయింది. వందల ఏళ్ళు బయటివాళ్ళని కలుపుకుని బతికిన రాజ్యం గోత్‌ల దగ్గర ఆ పని చేయలేకపోయింది, నా దృష్టిలో అదే పెద్ద దెబ్బ. 408లో రోమ్‌ని చుట్టుముట్టిన గోత్‌ల నాయకుడు అలారిక్ అడిగిన సొమ్ములో బంగారం, వెండి, పట్టుతో పాటు 3,000 పౌన్ల మిరియాలు కూడా ఉన్నాయి.

## మిగిలినవి

మన నెలల పేర్లు, జనవరి 1 రోమన్ల నుంచే వచ్చాయా?

అవును. పాత రోమన్ క్యాలెండర్ ఋతువులతో తప్పిపోతుంటే సీజర్ అలెగ్జాండ్రియా పద్ధతి తెచ్చి క్రీ.పూ. 45 నుంచి 365 రోజుల ఏడాది, నాలుగేళ్ళకి ఒక లీపు రోజు పెట్టాడు. సర్దుబాటు కోసం అంతకుముందు ఏడాది 445 రోజులు నడిచింది. జూలై సీజర్ పేరు, ఆగస్టు అగస్టస్ పేరు. ఏడాదికి 11 నిమిషాల తేడా పోగుపడితే 1582లో పోప్ గ్రెగరీ సరిచేశాడు, ఇప్పుడు మన గోడ మీద ఉన్నది అదే.

వాళ్ళ కాంక్రీట్ ఇప్పటికీ నిలబడి ఉంది, మనది 50 ఏళ్ళకే పగుళ్ళు, ఎందుకు?

సున్నంలో పొజ్జువోలి దగ్గర దొరికే అగ్నిపర్వత బూడిద కలిపేవాళ్ళు, అది నీళ్ళలో కూడా గట్టిపడుతుంది. ఇంకోటి, అందులో ఇనుప చువ్వలు ఉండవు. మన కట్టడాల్లో చువ్వ తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీట్‌ని పగలగొడుతుంది. అయితే చువ్వ లేకుండా పొడవాటి స్లాబులు, ఎత్తు బిల్డింగులు కట్టలేం, కాబట్టి వాళ్ళు ఆర్చీలు, డోమ్‌లే నమ్ముకున్నారు. హాడ్రియన్ కాలపు పాంథియాన్ డోమ్ అడ్డం 43.3 మీటర్లు, చువ్వ లేని కాంక్రీట్ డోముల్లో ఇప్పటికీ అదే పెద్దది. పైకి వెళ్ళే కొద్దీ తేలికైన రాళ్ళు వాడారు, నడినెత్తిన గుండ్రటి రంధ్రం వదిలేశారు.

మన కోర్టుల్లో లాటిన్ మాటలు వాడతారు కదా, అంటే మన చట్టం రోమన్ చట్టమేనా?

నేరుగా కాదు. రోమన్ చట్టాన్నంతా జస్టినియన్ చక్రవర్తి 529 నుంచి 534 మధ్య పోగుచేయించాడు, పాత న్యాయ పండితుల అభిప్రాయాలతో సహా. తర్వాత యూరప్‌లో మరుగునపడి, 11వ శతాబ్దం చివర్లో బొలోన్యాలో మళ్ళీ చదవడం మొదలెట్టారు, అక్కడినుంచి ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్ చట్టాలకి అదే పునాది అయింది, 1804 నాటి నెపోలియన్ కోడ్ కూడా దాని మీదే నిలబడింది. మనకి వచ్చింది ఇంగ్లాండ్ కామన్ లా, అది వేరే దారిలో పెరిగింది, లాటిన్ అక్కడ చదువుకున్నవాళ్ళ భాష కాబట్టి మాటలు అందులో ఉన్నాయి. హేబియస్ కార్పస్ పేరు లాటినే, రిట్ మాత్రం ఇంగ్లాండ్‌లో పుట్టింది. అయితే తన కేసులో తానే జడ్జిగా కూర్చోకూడదనే నియమం జస్టినియన్ కోడ్‌లో ఉంది, మన కోర్టులు కూడా సహజ న్యాయం కింద దాన్ని పాటిస్తాయి.